కట్టని తిట్టకండి, యు బోల్టు చూడండి

హోస్ట్: నమస్కారం. టెక్కలి గ్రానైట్, ఉద్దానం కొబ్బరి, కళింగపట్నం చేపల పెట్టెలు... మన విజయనగరం, శ్రీకాకుళం వైపు పికప్పు మోయని సరుకు లేదు. పదిహేనేళ్లు దాటిన బండికి వెనక కమాన్ కట్టలు, అంటే బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు, మార్చడం గురించి ఈవేళ. మేస్త్రి గారూ, కట్ట పోయిందని ఎలా పోల్చుకోవాలి?

మేస్త్రి: టేపు తియ్యండి. బండి ఖాళీ చేసి, టైర్లలో గాలి సమానంగా పెట్టి, చదును నేల మీద నిలబెట్టండి. వెనక చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు రెండు పక్కలా కొలవండి. 15, 20 మిల్లీమీటర్లు తేడా వస్తే ఒక పక్క కట్ట దిగిపోయినట్టే. తర్వాత కిందకి దూరి ఛాసిస్‌కి ఉన్న రబ్బరు స్టాపర్ చూడండి. అది చితికిపోయి ఉందంటే వెనక చక్రాల మధ్యనుండే ఇరుసు గొట్టం, అదే హౌసింగ్, వచ్చి రోజూ దాన్ని కొడతంది.

హోస్ట్: స్టీరింగ్ తిన్నగానే ఉంటుంది, వెనకొచ్చేవాడికి మాత్రం బండి పీతలా పక్కకి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. అదేంటి?

మేస్త్రి: సెంటర్ బోల్టు తెగిపోయుంటాది. పట్టీలన్నిటినీ గుచ్చి ఉంచేది అదే. దాని తల హౌసింగ్ మీదున్న గుంటలో కూర్చుంటాది కాబట్టి హౌసింగ్ ముందుకీ వెనక్కీ జరగదు. తెగితే ఒక పక్క చక్రం వెనక్కి పోతాది. ఆ బండి ఇంక రోడ్డెక్కకూడదు.

హోస్ట్: పట్టీ కూడా ఆ బోల్టు కన్నం దగ్గరే ఎక్కువ విరుగుతుంది. సరుకు నాసిరకం అంటారు జనం.

మేస్త్రి: కట్టని తిట్టి లాభం లేదు బాబూ. కన్నం పడ్డ చోట పట్టీకి బలం తక్కువే. కట్టని హౌసింగ్‌కి బిగించే యు బోల్టులు గట్టిగా పట్టి ఉన్నంతసేపు ఆ మధ్య భాగం వంగదు, వంపంతా కొసల వైపే. నట్టు వదులైందా, వంపు కన్నం దాకా వచ్చేస్తాది. గొయ్యి గొయ్యికీ వంగి వంగి కన్నం అంచున వెంట్రుకంత చీలిక పుడతాది. విరిగిన ముక్క చేత్తో పట్టుకుని చూడండి. కన్నం పక్కన కొంత మేర నల్లగా తుప్పు పట్టి ఉంటాది, మిగతాది తెల్లగా, గరుగ్గా, పంచదారలా మెరుస్తాది. నల్లటిది ఎప్పటి చీలికో. తెల్లటిది విరిగిన రోజుది. ఆ నలుపు ఎక్కువుందంటే నట్లు వదులై ఎన్నాళ్లయిందో మీరే ఊహించుకోండి.

హోస్ట్: ఆ పట్టీని వెల్డింగ్ పెట్టిస్తే?

మేస్త్రి: వద్దు. స్ప్రింగు ఉక్కుకి పదును పట్టించి ఉంటాది. వెల్డింగ్ వేడికి ఆ పదును పోతాది, అతుకు పక్కనే మళ్లీ పుటుక్కుమంటాది. పడిపోయిన కట్టని సమ్మెటతో కొట్టి వంపు తెప్పించినా కొద్ది నెలల్లో మళ్లీ కూర్చుంటాది. కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడి పెట్టి టెంపరింగ్ చేసే చోటయితేనే ఆ పని చేయించాలి.

హోస్ట్: సరే, కొత్తవే. షాపుకి ఏం కొలిచి తీసుకెళ్లాలి?

మేస్త్రి: మోడల్ పేరొక్కటీ చాలదు, పాత బండికి మధ్యలో ఎవరో ఏదో మార్చేసుంటారు. పట్టీలెన్ని, వెడల్పు, మందం, సెంటర్ బోల్టు తల సైజు రాసుకోండి. పెద్ద పట్టీ రెండు కొసలా బోల్టు దూరేలా గుండ్రంగా చుట్టి ఉంటాది, దాన్నే కన్ను అంటాం. సెంటర్ బోల్టు నుంచి ముందు కన్ను దాకా ఎంత, వెనక కన్ను దాకా ఎంత, విడివిడిగా కొలవండి. చాలా బండ్లకి ఆ రెండూ ఒకటి కాదు. అలాంటి కట్టని తిరగేసి ఎక్కిస్తే హౌసింగే జరిగిపోతాది.

హోస్ట్: కట్టలు రెండూ ఒకేసారి, ఒక పక్కే మార్చడం వద్దు. యు బోల్టులు 4, వాటి నట్లు 8, అవీ కొత్తవే. ఒకసారి సాగిన మర మళ్లీ పట్టు నిలబెట్టదు. బోల్టు చుట్టూ కూర్చునే బుష్‌లు?

మేస్త్రి: పక్కకి మూడు చోట్ల. ముందు కన్ను, వెనక కన్ను, వెనక కన్నుని ఛాసిస్‌కి కలిపే షాకిల్ పైకొస. రెండు ముక్కల రబ్బరు బుష్ అయితే పక్కకి ఆరు. షాకిల్ బోల్టులు కూడా తెచ్చుకోండి, పాతవి బాగా వస్తాయని నమ్మకం లేదు.

హోస్ట్: పనిలోకి దిగుదాం.

మేస్త్రి: ముందురోజు రాత్రే అన్ని నట్లకీ తుప్పు వదిలే నూనె కొట్టి ఒగ్గేయండి. పొద్దున్న ముందు చక్రాలకి దిమ్మలు పెట్టి, జాకీ ఎత్తకముందే వెనక చక్రాల నట్లు వదులు చేసుకోవాలి. ఎత్తాక ఛాసిస్ కింద స్టాండులు, హౌసింగ్ కింద వేరే జాకీ. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకూడదు. షాకబ్జర్ కింద బోల్టు తీసి, యు బోల్టులు విప్పి, హౌసింగ్‌ని మెల్లగా దించండి. బ్రేకు హోసు బిగుసుకుంటే అక్కడే ఆగాలి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క. రెండూ ఒకేసారి విప్పితే హౌసింగ్ దొర్లిపోతాది.

హోస్ట్: కన్ను బోల్టు తిరుగుతుంది గానీ బయటికి రాదు. అందరికీ రోజంతా పట్టేది అక్కడే.

మేస్త్రి: బుష్ లోపలి ఇనప గొట్టం తుప్పుతో బోల్టుకి అతుక్కుపోతాది. సమ్మెటతో కొడితే బ్రాకెట్టు వంగుతాది. గ్యాస్ పెడితే రబ్బరు మండుతాది, పక్కన డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపు. నేనయితే కన్నుకీ బ్రాకెట్టుకీ మధ్య సందులో గ్రైండర్ బ్లేడు దూర్చి రెండు పక్కలా కోసేయమంటాను. తడి గోనెసంచి ట్యాంకు మీద కప్పి, బకెట్టుతో నీళ్లు పక్కన పెట్టుకోవాలి. ఇంకోటి, కిందకి దించిన కట్టకి సెంటర్ బోల్టు విప్పాల్సొస్తే రెండు సి క్లాంపులు బిగించాకే. లేకపోతే పట్టీలు ఎగిరి మొహం మీదకొస్తాయి.

హోస్ట్: కొత్తది ఎక్కించేటప్పుడు ముందు కన్ను బోల్టు, తర్వాత షాకిల్, రెండూ చేత్తో తిప్పినంతే. సెంటర్ బోల్టు తల గుంటలో పడిందని కంటితో చూశాకే యు బోల్టులు.

మేస్త్రి: నాలుగు నట్లూ ఎదురెదురుగా, దఫదఫాలుగా. అన్నిటికీ పైన మర ఒకే ఎత్తు కనపడాలి. బిగింపు ఎంతన్నది బండి మాన్యువల్ చూసుకోండి. అది లేకపోతే 8.8 గ్రేడు బోల్టు 12 మిల్లీమీటర్లదైతే 80 న్యూటన్ మీటర్లు, 14ది అయితే 130 దరిదాపు. టార్క్ రెంచ్‌తోనే. పైపు దూర్చి ఊగితే మర సాగుతాది.

హోస్ట్: కన్ను బోల్టులు, షాకిల్ బోల్టులు మాత్రం అప్పుడే బిగించకూడదు.

మేస్త్రి: చక్రాలెక్కించి, బండిని నేలకి దించి, బరువు పడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే దించగానే రబ్బరు మెలితిరిగి ఆ మెలికలోనే ఉండిపోతాది, తొందరగా చిరుగుతాది. రబ్బరుకి గ్రీజు కూడా వద్దు, ఎక్కకపోతే సబ్బునీళ్లు చాలు. సర్వీసింగులో కట్టల మీద కాలిన ఇంజనాయిల్ కొట్టే అలవాటు ఒకటుంది. కిరకిర ఆగుతాది, రబ్బరు ఉబ్బి పోతాది. గ్రీజు నిప్పిల్ ఉన్న ఇనప బుష్‌కైతే కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలి.

హోస్ట్: ఎలాగూ విప్పాం కదా, ఇంకో పట్టీ వేయమనేవాళ్లు?

మేస్త్రి: ఆర్‌సీలో ఉన్న బరువు పెరగదు. కట్ట ఓర్చుకున్నా హౌసింగు, బేరింగులు, బ్రేకులు పాతవేగా. కొన్ని పికప్పులకి వెనక బ్రేకు ఒత్తిడిని బరువుబట్టి మార్చే వాల్వు ఉంటాది, దాని కమ్మీ హౌసింగ్‌కి తగిలించి ఉంటాది. కొత్త కట్టతో వెనక లేచిందా, ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తాది. కమ్మీ సర్దించుకోవాలి. హెడ్‌లైట్లు కూడా కిందకి వాలుతాయి, అవీ చూసుకోవాలి.

హోస్ట్: యు బోల్టు నట్లు మళ్లీ ఎప్పుడు?

మేస్త్రి: 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, 1000 తిరిగాక ఇంకోసారి. కొత్త పట్టీల మధ్య పెయింటు అరిగి కట్ట అణుగుతాది, ఆ మేరకి నట్టు పట్టు తగ్గుతాది. చేపల పెట్టెలు మోసే బండయితే ఇంకోటి. ఐసు కరిగి కారే ఉప్పునీరు సరాసరి పట్టీల సందులోకే పోతాది. లోడు దించిన రోజే మంచినీళ్ల పైపుతో కింద నుంచి కడిగేయండి.