చెంచాకూ చెంచాకూ మధ్య

శ్రోతలందరికీ నమస్కారం.

1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్‌లో రేడియో వార్తలు విన్నవాళ్లకు, వార్తలు చదివేవారి గొంతు వెనక పిల్లల అల్లరి కూడా వినిపించిందట. మామూలుగా అయితే స్టూడియోలో ఇంజినీర్లు అలాంటిది సాగనివ్వరు. ఆ రోజు మాత్రం వేరే దారి లేకపోయింది. ఆ దేశపు ఆడవాళ్లలో దాదాపు 90 శాతం మంది ఉద్యోగమూ, ఇంటి పనీ, పిల్లల పనీ ఒక్కసారిగా ఆపేశారు. తండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని పనిచేసే చోట్లకు వెళ్లారు.

ఆ పని ఎంత ఉంటుందో అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్కగట్టింది. 64 దేశాల సమాచారం తీసుకుంటే, పిల్లల పెంపకం, పెద్దల ఆలనాపాలనా, ఇంటి చాకిరీ కలిపి జీతం లేకుండా జరిగే పని రోజుకు 1,640 కోట్ల గంటలు. అంటే 200 కోట్ల మంది రోజుకు ఎనిమిది గంటల చొప్పున పైసా తీసుకోకుండా పనిచేసినంత. అందులో నాలుగింట మూడు వంతులు ఆడవాళ్లు చేసేదే. అయినా జాతీయాదాయంలో దానికి చోటు లేదు. ఇద్దరు తల్లులు ఒకరి బిడ్డను ఒకరు చూసుకుని, ఒకరికొకరు జీతం ఇచ్చుకుంటే ఆ డబ్బు లెక్కకు వస్తుంది. ఎవరి బిడ్డను వారే చూసుకుంటే రాదు!

ప్రభుత్వ బడ్జెట్లలోనూ ఇలాంటి విడ్డూరమే ఉంది. పసిపిల్లల కేంద్రానికి భవనం కడితే అది పెట్టుబడి. లోపల బిడ్డను ఎత్తుకునే మనిషికిచ్చే జీతం రోజువారీ ఖర్చు. భవనానికైతే రిబ్బను కత్తిరించి ఫొటో దిగవచ్చు, జీతానికి ఆ వీలు లేదు. కానీ అక్కడ బిడ్డను నిశ్చింతగా వదిలి ఉద్యోగానికి వెళ్లే తల్లి సంపాదిస్తుంది, పన్ను కడుతుంది. ఆ జీతాన్ని పెట్టుబడి అనడానికి మనకెందుకు నోరు రాదో నాకు అర్థం కాదు.

మంచం పట్టిన మా బంధువు ఒకావిడకు అన్నం తినిపించడం నేను దగ్గర కూర్చుని చూశాను. చూసుకునే మనిషి చెంచా నోటికి అందించి ఆగేది. మింగిందా లేదా అని గొంతు వైపు చూసేది. మింగాక మరో చెంచా. తొందరపడితే ఆహారం ఊపిరి గొట్టంలోకి పోవచ్చు. పన్నెండు చెంచాలకు ఇరవై నిమిషాలు పట్టింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. యంత్రాలు వచ్చాక ఫ్యాక్టరీలో పని వేగం పెరిగింది కానీ, మింగే వేగాన్ని ఎవరు పెంచగలరు? అందుకే ఈ సేవ ఎప్పటికీ చౌక కాదు. చౌకగా కనిపించిందంటే ఎవరి జీతంలోనో కోత పడిందన్నమాట.

జపాన్ 2000లో వృద్ధుల సంరక్షణకు బీమా తెచ్చింది. నలభై ఏళ్లు దాటినవారు చందా కడతారు. దాదాపు అంతే మొత్తం ప్రజాధనం నుంచి వస్తుంది. భారమంతా కూతుళ్ల మీదా కోడళ్ల మీదా పడకుండా చూడాలన్నది ఉద్దేశం. ఏర్పాటు బాగుంది, కానీ అక్కడ మనుషులు చాలడం లేదు. సేవకు రేటు నిర్ణయించేది ప్రభుత్వమే. ఆ రేటులోంచే జీతాలు రావాలి, అవి మిగతా రంగాల సగటు కన్నా తక్కువ.

సేవాభావం, అమ్మ మనసు అంటూ పొగడడానికి మనం వెనకాడం. జీతం మాట వచ్చేసరికి ఆ పొగడ్తలే అడ్డం పడతాయి.

మా బంధువును చూసుకున్న మనిషి మరో చోట నాలుగు రూకలు ఎక్కువిస్తామంటే వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టలేను. మా బంధువుకు ఎడమ పక్కకు తిప్పితే నొప్పి అని, చెంచాలో సగమే తీసుకోవాలని ఆమెకు తెలుసు. అది ఎక్కడా రాసి లేదు. కొత్తగా వచ్చిన అమ్మాయి మొదటి రోజు చెంచా నిండా తీసుకుంది.