మీరు ఎప్పుడు పోతారు?

(డిసెంబర్ 5, అంతర్జాతీయ వాలంటీర్ల దినోత్సవం సందర్భంగా నల్లగొండలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) విద్యార్థుల సభలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, ప్రోగ్రామ్ ఆఫీసర్ గారికి, అధ్యాపకులకు నమస్కారం. పొద్దున్నుంచి కుర్చీలు మోసి, మైకు కట్టి, ఇప్పుడు గోడకు ఆనుకొని నిలబడి వింటున్న వాలంటీర్లకు నమస్కారం. తండాల నుంచి వచ్చిన పిల్లలకు రాంరాం.

నాకిచ్చిన అంశం ‘విదేశాల్లో స్వచ్ఛంద సేవ, యువతకు అవకాశాలు’. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. అయితే ఇందాక స్టాఫ్ రూములో టీ తాగుతుంటే ప్రోగ్రామ్ ఆఫీసర్ గారు ఒక రంగుల కరపత్రం చూపించారు. మీలో పదకొండు మంది పేర్లిచ్చారట. నేపాల్‌లో పదిహేను రోజులు, అనాథ పిల్లల ఆశ్రమంలో సేవ, మధ్యలో రెండు రోజులు పోఖరా షికారు, చివర్లో సర్టిఫికెట్. సోమవారం లోపు డబ్బు కట్టాలి. కరపత్రం మీద ఒక పాప ఫోటో ఉంది. ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో, నవ్వుతోంది. అది చూశాక నా నాలుగు పేజీలు మడిచి బ్యాగులో పెట్టేశాను.

అంశం ఇచ్చారు గనుక దాని గురించి కొంచెం చెప్పి నా మాటకు వస్తాను.

పరాయి దేశం పోయి అక్కడి జనానికి పని చేసి రావడం గొప్ప పని. దానికి నేను అడ్డం చెప్పను. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1920లో, పియర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు కొంతమందిని వెంటబెట్టుకొని ఫ్రాన్స్‌లో వెర్దున్ దగ్గర నేలమట్టమైన ఒక ఊరికి పోయాడు. యుద్ధంలో అటూ ఇటూ నిలబడ్డ దేశాల వాళ్లు అక్కడ కలిసి శిథిలాలు ఎత్తారు. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పుట్టింది అక్కడే. 1934లో బిహార్‌లో భూకంపం వస్తే ఆయన మన దేశానికీ వచ్చాడు, ఊళ్లు మళ్లీ కట్టే పనిలో దిగాడు. పని చేతనైన మనిషి, ఆ పని అవసరమైన చోటికి వచ్చాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అమెరికా వాలంటీర్లను వేరే దేశాలకు పంపే పీస్ కోర్ 1961లో మొదలైంది. 1976 దాకా వాళ్ల యువకులు మన పల్లెల్లోనూ పనిచేశారు. ఐక్యరాజ్య సమితి వాలంటీర్ల సంస్థ 1970లో వచ్చింది, ఇప్పుడు జర్మనీలోని బాన్ నుంచి నడుస్తోంది. మీ ఎన్‌ఎస్‌ఎస్ వాటికి తీసిపోయేదేమీ కాదు. 1969లో, గాంధీగారి శతజయంతి ఏడాది మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ. ఆ గంటలు మీరు హాజరు కోసం చేస్తున్నారా, పని కోసం చేస్తున్నారా అనేది మీకు తెలుసు, మీ ప్రోగ్రామ్ ఆఫీసర్ గారికీ తెలుసు.

సరే. ఇక నా సంగతి.

నేను 2013 మే నెలలో నేపాల్ పోయాను. సర్కారు బడి టీచర్ని. వేసవి సెలవులు. ఎన్‌ఓసీ కోసం ఆఫీసు చుట్టూ తిరిగి, చిట్టీ ఎత్తి, ఒక ఏజెన్సీకి నలభై వేలు కట్టాను. గోరఖ్‌పూర్ దాకా రైలు, సునౌలీ దగ్గర బోర్డర్ దాటి బస్సులో ఖాట్మండు. మాది దేవరకొండ పక్కన తండా. మా తండాలో దేశం దాటిన మొదటి ఆడమనిషిని నేనే. బయల్దేరే ముందురోజు మా కాకి, అంటే మీ లెక్కన చిన్నమ్మ, దారిలో తినడానికి జొన్న రొట్టెలు కట్టి తెచ్చింది. తెచ్చి, ఒక మాట అడిగింది. ఆ మాట తర్వాత చెప్తాను.

ఆశ్రమంలో ముప్పై మంది దాకా పిల్లలు. మొదటి రోజు నేను చెప్పులు విప్పి లోపలికి పోయానో లేదో, ఒక పాప వచ్చి చెయ్యి పట్టుకుంది. ఎనిమిదేళ్లది. పేరడగలేదు, ఊరడగలేదు. మొదట అడిగిన మాట ‘మిస్, కహిలే జానే?’ అని. మీరు ఎప్పుడు పోతారు అని. మూడు వారాలు ఉంటానమ్మా అని వేళ్లు చూపించాను. సరేనన్నట్టు తలూపి, నా వేళ్లు పట్టుకొని లోపలికి తీసుకుపోయింది.

నేను టీచర్ని కదా, చేతులు తట్టుతూ పాడే ఒక ఇంగ్లీషు పాట నేర్పుదామని మొదలుపెట్టాను. పిల్లలు ఎంత బాగా నేర్చుకున్నారో! పది నిమిషాల్లో మొత్తం పాట వచ్చేసింది. ఎంత తెలివైన పిల్లలని పొంగిపోయి ఇంటికి ఫోన్ చేసి కూడా చెప్పాను. నాలుగో రోజు వంటామె హిందీలో చెప్పింది. ‘దీదీ, ఆ పాట వాళ్లకు మూడేళ్లుగా వచ్చు. వచ్చిన ప్రతి వాలంటీరూ అదే నేర్పుతారు. రానట్టు ఉంటే మీరు సంతోషిస్తారని రానట్టు ఉంటారు.’

పిల్లలూ, ఎనిమిదేళ్ల పిల్ల నన్ను సంతోషపెట్టడానికి రానట్టు నటించింది. నేను పోయింది ఎవరికి సేవ చేయడానికి? అక్కడ ఎవరు ఎవరికి చేశారు?

బయటి నుంచి అతిథులు వచ్చే రోజు కొత్త బట్టలు బీరువాలోకి, పాత బట్టలు పిల్లల ఒంటి మీదికి. అది చూశాను. అప్పటికీ నాకు పూర్తిగా తలకెక్కలేదు. రెండో వారం, ఒక మధ్యాహ్నం, ఆ పాపా నేనూ పై అంతస్తు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాం. కింద గేటు బయట ఒకామె ప్లాస్టిక్ గోనె పరుచుకొని కూర్చుంది. చలికి పగిలిన బుగ్గలు. ఒళ్లో గుడ్డమూట. వాచ్‌మన్ పొమ్మంటున్నాడు, ఆమె లేవడం లేదు. పాప కదలకుండా చూస్తోంది. ఎవరమ్మా అన్నాను. నా వైపు తిరిగి ఇంగ్లీషులో ‘మై పేరెంట్స్ ఆర్ డెడ్’ అంది. ఆ పాపకు ఇంగ్లీషులో తడుముకోకుండా వచ్చే వాక్యం అదొక్కటే. మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

రాత్రి వంటామె చెప్పింది, గేటు దగ్గర కూర్చున్నామె పాప తల్లేనని. హుమ్లా నుంచి వచ్చిందట. హుమ్లా అంటే నేపాల్‌కు వాయవ్య మూల, కొండల్లో. అప్పట్లో విమానం ఎక్కాలి, లేదంటే రోజుల తరబడి నడవాలి. ఆ మూటలో ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు. వాచ్‌మన్ తీసుకొని వంటింట్లో ఇచ్చాడు. తల్లిని మాత్రం లోపలికి రానివ్వలేదు. 1996 నుంచి 2006 దాకా నేపాల్‌లో అంతర్యుద్ధం. ఆ రోజుల్లో దళారులు అలాంటి కొండ ఊళ్లకు పోయి, పిల్లల్ని చదివిస్తాం, ప్రాణాలు కాపాడతాం అని తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకొని మరీ ఖాట్మండుకు తెచ్చారు. యుద్ధం ఆగింది గానీ ఆ దారి మూతపడలేదు. ఆశ్రమాలు ఎక్కడ ఎక్కువో చూడండి: బీదరికం ఎక్కువున్న జిల్లాల్లో కాదు, ఖాట్మండు, పోఖరా, చిత్వన్, అంటే టూరిస్టులు తిరిగే చోట.

మర్నాడు మేనేజర్‌ను అడిగాను. మీ పని ఇంగ్లీషు చెప్పడం, అది చెప్పండి అన్నాడు. రెండు రోజుల ముందే నన్ను పంపించేశారు. పాపకు చెప్పి రానివ్వలేదు. మూడు వారాలని వేళ్లు చూపించి, ఆ మాట కూడా నిలబెట్టుకోలేదు నేను.

వెనక కూర్చున్న అబ్బాయిలూ, ఫోన్లు కాసేపు జేబులో పెట్టండి. ఇది మీకోసమే చెప్తున్నాను. ఆ పిల్లను ఆ ఇంట్లో ఉంచింది ఎవరు? మేనేజర్ ఒక్కడే కాదు. నా నలభై వేలు. నాలాంటి వాళ్లు నెలకు నలుగురైదుగురు వస్తేనే ఆ ఇంటికి పిల్లలు కావాలి. నేను పోకపోతే ఆ మంచం మీద ఆ పాపతో పని లేదు, తల్లితో పోయేది. ఇది నా ఒక్కదాని బాధ అనుకునేరు. కంబోడియాలో లెక్క తీస్తే, ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం చేస్తున్నప్పుడు ఈ ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడం గురించి కూడా మాట్లాడింది. 2019లో ఐక్యరాజ్య సమితి జనరల్ అసెంబ్లీ, ఆశ్రమాల్లో ఇలాంటి వాలంటీర్ టూరిజం పిల్లలకు చేటు అని తీర్మానంలో చెప్పింది. అవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. కిటికీ దగ్గర నాకు అర్థం కావడానికి ఆ చదువు అక్కర్లేదు. నేను దేవరకొండ దాన్ని.

ఇప్పుడు మా కాకి సంగతి.

1998లో మా కాకికి నాలుగో ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడు కరువు. పురుడు తీరి ఇరవై రోజులు. ఒకామె ఆటోలో వచ్చింది. పిల్ల హైదరాబాద్‌లో పెద్ద బడిలో చదువుతది, నువ్వు ఎప్పుడన్న వచ్చి చూసుకోవచ్చు అంది. ఒక చీర, కొన్ని వందల రూపాయలు. కాగితం మీద వేలిముద్ర. కాకి పిల్ల నడుముకు గవ్వ కట్టిన నల్లదారం వేసింది, మా దగ్గర కడతారు. ఆటోలో వచ్చినామె పిల్లతో గడప దాటబోతూ ఆ దారం విప్పి గడప మీద పెట్టి పోయింది. నేను అక్కడే ఉన్నాను. ఇంటర్ అయిపోయి టీటీసీ చదువుతున్న దాన్ని. ఆ కాగితంలో ఏముందో చదవగలిగిన మనిషి ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. చదువుతాను ఇమ్మని అడగలేదు.

మరుసటి ఏడు, మళ్లీ 2001లో, హైదరాబాద్‌లో దత్తత పేరుతో జరిగిన బాగోతం పేపర్లలో వచ్చింది. మా తండాల పిల్లలే. తల్లులున్న పిల్లల్ని కాగితాల మీద అనాథలు చేసి విదేశాలకు పంపారని వచ్చింది. కాకి పిల్ల కూడా విదేశం పోయిందని ఒకరన్నారు, పోలేదని ఒకరన్నారు. ఆ దారం ఇప్పటికీ కాకి బియ్యం డబ్బాలో ఉంది. ఆ పిల్ల ఎక్కడుందో గానీ, మీకన్నా ఆరేడేళ్లు పెద్దది.

నేను నేపాల్ పోయే ముందురోజు రొట్టెలు ఇస్తూ కాకి అన్న మాట ఇది. ‘బేటీ, ఫారిన్ పోతున్నవంట. నా పిల్ల ఎక్కడన్న కనబడతదేమో చూడు.’ తిరిగొచ్చాక మళ్లీ వచ్చి కూర్చుంది. నోరు తెరిచి అడగలేదు. హుమ్లా తల్లి గురించి చెప్పాను. అంతా విని, ‘ఆమెకు పిల్ల ఏడుందో తెలుసు గద’ అని లేచిపోయింది.

(కాసేపు ఆగి) మంచినీళ్లు ఇవ్వండి అమ్మా. థాంక్స్.

మర్రిగూడ దిక్కు నుంచి వచ్చిన వాళ్లు చేతులెత్తండి. ఐదుగురున్నారు. మీ ఊళ్లలో నీళ్లలోని ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకరపోయిన పిల్లల ఫోటోలు ఎంతమంది తీసుకుపోయారో మీ నాన్నలను అడగండి. కారు దిగి, పిల్లను ఎండలో నిలబెట్టి, ఆ కాళ్లు కనబడేలా లంగా కొంచెం పైకి ఎత్తమని చెప్పిన వాళ్లు ఉన్నారు. ఆ ఫోటోలు ఎక్కడెక్కడ వేసుకున్నారో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. అలాంటి జిల్లాలో పుట్టి, మనం పోయి ఇంకో దేశపు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని స్టేటస్ పెడదామా?

మరి పోవద్దా అంటారు. పోండి. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి జర్మనీలో ఏడాది చేసి వచ్చాడు. అక్కడ ‘వెల్ట్‌వేర్ట్స్’ అని ప్రభుత్వ పథకం ఉంది, 2008లో మొదలైంది. 2013 నుంచి మనలాంటి దేశాల వాళ్లూ అటు పోవచ్చు. 18 నుంచి 28 ఏళ్ల వాళ్లకు. గది, తిండి, ఇన్సూరెన్స్, చేతి ఖర్చు వాళ్లే ఇస్తారు. ముందు భాష నేర్చుకోవాలి, ఏడాదిలో 25 రోజులు సెమినార్లకు కూర్చోవాలి. మావాడు కిండర్‌గార్టెన్‌లో చేశాడు. మొదటి మూడు నెలలు నేల తుడవడం, బూట్ల లేసులు కట్టడం, పాలగ్లాసులు కడగడం. ‘మేడమ్, నాలుగేళ్ల పిల్లలు నా జర్మన్ దిద్దుతున్నరు’ అని ఫోన్‌లో చెప్పాడు. పిల్లల దగ్గరికి పోనిచ్చే ముందు వాడి మీద కేసులేమీ లేవని పోలీసు సర్టిఫికెట్ అడిగారు. సాయంత్రం ఏ పిల్ల తల్లి ఆ పిల్లను వచ్చి తీసుకుపోతుంది.

ఖాట్మండులో నన్ను ఎవరూ ఏ సర్టిఫికెట్టూ అడగలేదు. ఫీజు రసీదు చూశారు, పిల్లల గది తాళం చేతికిచ్చారు. నేను ఎలాంటి మనిషినో వాళ్లకేం తెలుసు? మీ కరపత్రం రెండుసార్లు తిప్పి చూశాను. పాస్‌పోర్టు సైజు ఫోటోలు రెండు కావాలని ఉంది. ఇంకేమీ అడగలేదు.

అనుభవం కావాలంటే ఇక్కడే మొదలుపెట్టవచ్చు. ఈ నెల నుంచి జూన్ దాకా మన ఇటుక బట్టీల దగ్గర ఒడిశా కుటుంబాలు ఉంటాయి. బలంగీర్, నువాపడా నుంచి వస్తారు. పిల్లలకు మన మాట రాదు, మనకు వాళ్ల మాట రాదు. సాయంత్రం అమ్మానాన్నలు పక్కనే ఉంటారు. ఒక సీజన్ మొత్తం, వారానికి మూడు సాయంత్రాలు, మానకుండా పోయి చూడండి. ఒడియా పది మాటలు నేర్చుకోండి. మధ్యలో పరీక్షలు వస్తాయి, పండగలు వస్తాయి, ఇంట్లో పెళ్లి వస్తుంది. అప్పుడు కూడా పోగలిగిన వాళ్లు నా దగ్గరికి రండి, జర్మనీ ఫారం నేనే దగ్గర కూర్చుని నింపిస్తాను.

ఇంకా చాలా ఉంది, ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు. ఆ పదకొండు మందికి ఒక్క మాట. మీ మీద నాకు కోపం లేదు. నేనూ మీలాగే మంచి మనసుతోనే చిట్టీ ఎత్తాను. రేపు శనివారం పదింటికి లైబ్రరీ పక్క గదిలో ఉంటాను. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకొని వస్తే ఇంకా మంచిది. కరపత్రం తెచ్చుకోండి, దాని మీద ఏజెన్సీ నంబరు ఉంది. అందరం కూర్చొని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి అడుగుదాం, ఆ ఫోటోలో ఉన్న పాప వాళ్లమ్మ ఎక్కడుందని.