1950లో రష్యా యూఎన్ వదిలేసుంటే... గోవా, బంగ్లాదేశ్ సంగతి ఏంటి?

అమెరికా డబ్ల్యూహెచ్‌ఓకి బై చెప్పింది, యునెస్కోకి బై చెప్పింది, ఇక యూఎన్‌నే వదిలెయ్యాలని అక్కడ కొందరు నేతలు ఒకటే గోల. కామెంట్లలో మీరందరూ "పోతే పోనీ, మనకేంటి" అంటున్నారు కదా, ఆ మాటకి నాకు నిజంగా కోపం వస్తోంది. ఎందుకంటే ఒక సూపర్ పవర్ ఆల్రెడీ సగం పోయింది ఒకసారి. అది పూర్తిగా పోయుంటే దెబ్బ తగిలేది మనకే!

1950 జనవరి. చైనాలో కమ్యూనిస్టులు గెలిచాక కూడా చైనా సీట్లో ఇంకా తైవాన్ వాళ్ళని కూర్చోబెడతారా అని సోవియట్ ప్రతినిధి యాకోవ్ మాలిక్ సెక్యూరిటీ కౌన్సిల్ నుంచి లేచి వెళ్ళిపోయాడు. జూన్ 25న దక్షిణ కొరియా మీద ఉత్తర కొరియా దాడి మొదలైంది, కౌన్సిల్ అదే రోజు తీర్మానం పాస్ చేసేసింది, జులై కల్లా యూఎన్ జెండా కింద అమెరికా కమాండ్‌లో సైన్యం! ఆపేవాడేడీ? సీట్లో మనిషి లేకపోతే వీటో (ఐదు శాశ్వత సభ్య దేశాల్లో ఒక్కటి కాదన్నా తీర్మానం ఆగిపోయే హక్కు) లేదు. అంతే. ఆగస్టు 1న అధ్యక్ష స్థానం తమ వంతు రాగానే మాలిక్ వచ్చి కూర్చున్నాడు.

ఇప్పుడు నా థియరీ వినండి. ఆయన రాలేదనుకోండి. స్టాలిన్ "మాకొద్దు మీ క్లబ్బు" అన్నాడనుకోండి. అసలు యూఎన్ చార్టర్‌లో బయటికి ఎలా వెళ్ళాలో చెప్పే రూలే లేదు తెలుసా, 1965లో ఇండోనేషియా వెళ్ళిపోయి తర్వాతి ఏడాది మళ్ళీ వచ్చి కూర్చుంటే ఎవరూ కాదనలేదు కూడా. సరే, అది పక్కన పెట్టండి.

1957, కశ్మీర్‌కి యూఎన్ సైన్యాన్ని పంపే ఆలోచనతో తీర్మానం పెట్టారు, 9 దేశాలు సై అన్నాయి, వీటో వేసింది ఎవరు? సోవియట్. 1961 డిసెంబర్, గోవాలోకి మన ఆర్మీ వెళ్ళింది, వెనక్కి పొమ్మని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ కలిసి తీర్మానం తెచ్చాయి, అనుకూలంగా 7 ఓట్లు. అప్పుడు పాస్ అవ్వడానికి కావాల్సింది కరెక్టుగా ఆ ఏడే! వీటో లేకపోతే అయిపోయినట్టే. ఇక 1971, బంగ్లాదేశ్ కోసం పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధం ఆపి సైన్యాల్ని వెనక్కి తీసుకోమని 11 ఓట్లు పడ్డాయి, మళ్ళీ సోవియట్ వీటోనే. జనరల్ అసెంబ్లీలో అయితే 104 దేశాలు మనకి వ్యతిరేకం, 11 మాత్రమే మన వైపు! కానీ అసెంబ్లీ మాట సలహా మాత్రమే, కౌన్సిల్ మాటే ఆర్డర్. ఆ ఆర్డర్ రాకుండా ఆగింది కాబట్టే డిసెంబర్ 16న ఢాకాలో సరెండర్ జరిగే దాకా మనకి టైమ్ దొరికింది.

"సోవియట్ లేకపోయినా మన ఆర్మీ ఆగేది కాదు" అంటారు కొందరు. ఆగకపోవచ్చు, ఒప్పుకుంటా. కానీ కౌన్సిల్ ఆర్డర్‌ని ధిక్కరించిన దేశం అని ముద్ర పడి, పైన ఆంక్షలు కూడా పడితే, అప్పుడు తిండిగింజలకి కూడా బయట దేశాల మీద ఆధారపడ్డ మనం ఎన్నాళ్ళు నిలబడేవాళ్ళం చెప్పండి? ఖాళీ కుర్చీ వల్ల నష్టపోయేది లేచి వెళ్ళినవాడు మాత్రమే కాదండీ, వాడి వీటో నీడలో బతికే దేశం ముందు నష్టపోతుంది!

ఇప్పుడు అమెరికాకి రండి. ఇజ్రాయెల్ కోసం 1972 నుంచి అమెరికా ఎన్ని వీటోలు వేసిందో చూడండి. రేపు ఆ కుర్చీ ఖాళీ అయితే కౌన్సిల్‌లో మొదటి తీర్మానం ఎవరి మీద వస్తుందో కామెంట్లో రాయండి, నేను మాత్రం ఇజ్రాయెల్ అనే అంటున్నా.