తేనెపిట్ట ఫొటో నల్లగా వస్తోందా? పెరట్లోనే ఇలా తీయండి

నమస్తే అండి. ముందు ఈ ఫొటో చూడండి. మందార కొమ్మ మీద మగ ఊదా తేనెపిట్ట, ఒట్టి బొగ్గుముక్కలా ఉంది. ఇప్పుడు ఇది చూడండి. అదే పిట్ట, అదే కొమ్మ. తలమీద ఊదా, మెడ దగ్గర నీలం తళతళలాడుతున్నాయి. కెమెరా మారలేదు, కూర్చున్న చోటు మారింది.

ఆ రంగు ఈక లోపలి సన్నటి పొరల మీద వెలుగు పడి తిరిగొచ్చేటప్పుడు పుడుతుంది. కాబట్టి ఎండ మీ వీపు మీద పడాలి. ఎండకు ఎదురుగా తీస్తే ఎంత ఖరీదైన లెన్సుకైనా నలుపే దక్కుతుంది.

పిట్ట వెంట తిరగొద్దు. పువ్వు దగ్గర కాపు వేయండి. మందారం, నూరువరహాలు, దానిమ్మ, మునగపూత ఏదైనా సరే, పొద్దున ఆరున్నర, ఎనిమిదిన్నర మధ్య ఎండ తగిలేది చూసుకోండి. పువ్వు వెనక ఐదారడుగుల వరకు గోడా, బట్టల తీగా లేకపోతే బ్యాక్‌గ్రౌండ్ మెత్తగా వస్తుంది. ఇంకో సంగతి. మందారం దగ్గర తేనెపిట్ట చాలాసార్లు పువ్వు ముందుకు రాదు. పక్కన కొమ్మ పట్టుకుని, పూరేకుల అడుగున ముక్కుతో చిల్లు పొడిచి తేనె లాగేస్తుంది. అందుకే తొడిమ కనబడేలా పక్కగా కూర్చోండి.

పిట్ట పొడవు పది సెంటీమీటర్లే. 300 ఎంఎం లెన్సుతో పది, పన్నెండు అడుగుల దూరంలో స్టూలు వేసుకుంటే చాలు. తల చటుక్కున తిప్పుతుంది కాబట్టి షట్టర్ సెకనులో 1/1600 వంతు, లెన్సు తెరుచుకునే కొలత (అపర్చర్) ఎఫ్ 6.3 పెట్టండి. వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి, అంటే ఐఎస్ఓ, ఆటోలో పెట్టి 3200 దాటనివ్వకండి. ఫోకస్‌కి ఒక్క పాయింటే వాడండి. అన్ని పాయింట్లూ వదిలేస్తే ముందున్న ఆకును పట్టుకుంటుంది. వెనక ఆకాశం ఉంటే ఫొటో వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1. ముదురు ఆకులుంటే మైనస్ 0.7, లేదంటే మెరుపు తెల్లబారిపోతుంది.

ఫోన్ ఒక్కటే ఉందా? పువ్వుకు రెండడుగుల దూరంలో ట్రైపాడ్ మీద పెట్టి, పువ్వు మీద ఫోకస్ లాక్ చేసి, 4కె వీడియో ఆన్ చేసి లోపలికి వెళ్లిపోండి. ఒక్కో ఫ్రేమూ 8 మెగాపిక్సెల్ ఫొటో. మబ్బు పట్టిన రోజు మాత్రం ఫ్రేములు అలుక్కుపోతాయి.

గుర్తుపట్టడంలో ఆడపిట్టల దగ్గరే తికమక. గొంతు కూడా పసుపైతే ఊదా తేనెపిట్ట. గొంతు తెల్లగా, ఛాతీ పసుపుగా ఉంటే దాని చుట్టమే, పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్. పసుపు ఛాతీ మధ్యలో నిలువునా నల్ల చార కనిపిస్తే, అది గుడ్లు పెట్టే కాలం దాటాక రంగు మార్చుకున్న మగ ఊదా తేనెపిట్ట. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈ-బర్డ్ సైటులో తేదీ, టైము, ఎన్ని పిట్టలో రాసి పెట్టండి.

వరండా తీగకు సాలెగూడు, బెరడు ముక్కలు, పురుగుల పెంటికలు అతికిన చిన్న సంచి వేలాడుతుంటే చెత్త అనుకుని దులపకండి. పక్కన చిన్న రంధ్రం, దానిపై చూరులాంటిది ఉంటే అది తేనెపిట్ట గూడే. ఫొటో కోసం చుట్టూ ఆకులు తుంచితే కాకుల కంట పడుతుంది. ఫోన్‌లో దాని కూత పెట్టి పిలవొద్దు, పొదగడం మానేసి వెతుక్కుంటుంది. జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ సైటులో గూడు ఫొటో పెట్టేటప్పుడు లొకేషన్ దాచండి. గూడు ఖాళీ అయ్యేదాకా ఆ వరండా వైపు కెమెరా తీసుకెళ్లకండి.