కర్నూలు పాత ఫోటోలు: మనుషుల్ని కాదు, వాళ్ల వెనకాల చూడండి

నమస్తే అండీ. కర్నూలు పాత వీధుల ఫోటోలు మీ ఇళ్లలో ఉంటే పంపమని పోయిన వీడియోలో అడిగాను కదా, బాగానే వచ్చాయి. కాకపోతే అందులో సగం కొండారెడ్డి బురుజే! ముందు నుంచి బురుజు, పక్క నుంచి బురుజు, బురుజు ముందు కొత్త పెళ్లికొడుకు. బురుజంటే నాకూ ఇష్టమే. కానీ అదెక్కడికీ పోలేదు కదప్పా. పదహారో శతాబ్దంలో అచ్యుతదేవరాయల కాలంలో కట్టారు, ఈరోజు సాయంత్రం మీరు వన్ టౌన్ వైపు వెళ్లినా కనిపిస్తుంది. నేను అడిగింది పోయినవాటి గురించి.

మిమ్మల్ని అనడం లేదు. అసలు పోయిన వీధికి ఫోటో ఎందుకుంటుంది చెప్పండి? ఇంట్లో కెమెరా ఉన్నవాళ్లే తక్కువ. ఉన్నవాళ్ల దగ్గరా చాలామందికి అగ్ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరానే. ఒక రీలు వేస్తే పన్నెండు ఫోటోలు, అంతే. ఆ పన్నెండులో ఒకటి తీసి కిరాణా కొట్టుకో మురికి కాలువకో ఎవరు ఖర్చు పెడతారు? పిల్లాడి పుట్టినరోజుకి తీస్తారు, ఆడబిడ్డ సీమంతానికి తీస్తారు, ఊరెళ్లే చుట్టాలకు తీస్తారు. వీధి మాత్రం పిలవని చుట్టంలా వెనక నిలబడి ఫోటోలో పడుతుంది. అందుకే చెప్తున్నా, ఆల్బమ్ తీసినప్పుడు మనుషుల్ని కాదు, వాళ్ల భుజాల పక్కన ఏముందో చూడండి.

ఇదిగో, స్క్రీన్ మీద ఉన్న ఈ ఫోటో చూడండి. చిత్తారి గేరి వైపుదని పంపినవాళ్లు రాశారు. కొత్త సైకిల్ పట్టుకుని ఒక పిల్లాడు. వాడి మొహం కొంచెం కదిలిపోయింది. వెనకాల చూడండి, ఎత్తైన అరుగు. అరుగు మీద నాపరాళ్లు పరిచారు, మనకు బేతంచెర్ల దగ్గరే కదా, ఆ రాయి లేని ఇల్లు ఉండేది కాదు. పైన మట్టిమిద్దె, చెక్క స్తంభాలు, స్తంభానికి వేలాడుతూ లాంతరు. అరుగు మీద ఒక ముసలాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఫోటో తీస్తున్న సంగతే ఆయనకు పట్టలేదు. ఈ అరుగులే మొదట పోయాయి. రోడ్డు వెడల్పు చేస్తే అరుగు పోతుంది, కాలువ కట్టాలంటే అరుగు పోతుంది, బండి పెట్టుకోవాలన్నా అరుగే కొట్టేస్తారు. ఇల్లు ఉంటుంది, ఇంటివాళ్లూ ఉంటారు, వీధిలో కూర్చునే చోటే ఉండదు. సాయంత్రం ఉగ్గాని, బజ్జీ పొట్లం విప్పుకుని నలుగురు మాట్లాడుకునేది ఆ అరుగు మీదే.

సరే, ఈ ఫోటో ఏ కాలందో ఎలా చెప్పాలి? పంపినవాళ్లకు తెలీదు, సైకిల్ పట్టుకున్నాయన ఇప్పుడు లేరు. దీనికి కొన్ని కిటుకులు ఉన్నాయి. గోడ మీద సినిమా పోస్టర్ ఉంటే ఆ సినిమా ఏ సంవత్సరందో వెతకొచ్చు. కానీ జాగ్రత్త, పాత సినిమాలు మళ్లీ మళ్లీ ఆడేవి. పోస్టర్ చెప్పేది ఒక్కటే, ఆ ఫోటో అంతకంటే ముందుది కాదని. షాపు బోర్డు మీద 518001 అని పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిదే, దేశంలో పిన్‌కోడ్ మొదలైంది అప్పుడే. ఆగి ఉన్న స్కూటర్‌కి మన కర్నూలు జిల్లా ఏపీ 21 నంబర్ ఉంటే 1989లో కొత్త నంబర్ల పద్ధతి వచ్చాక తీసింది. రాష్ట్రమంతా ఒకటే చేసిన ఏపీ 39 కనిపిస్తే అది పాత ఫోటో కాదు స్వామీ, 2019 నుంచి వచ్చిన నంబర్ అది, నాకు పంపకండి! ఫోటో తిప్పి వెనక కూడా చూడండి. వెలాక్స్ అని లేతగా అచ్చు ఉంటే అది కొడాక్ కాగితం. స్టూడియో ముద్ర ఉంటే ఇంకా మంచిది, దాని కింద ఫోన్ నంబర్‌లో ఎన్ని అంకెలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఎన్ని తక్కువుంటే అంత పాతది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఆశ ఉన్న విషయం. 1953 అక్టోబర్ 1. ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజు, కర్నూలు రాజధాని. నెహ్రూ వచ్చారు, ఎనభై దాటిన ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి అయ్యారు. కోస్తా, సీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం, రాయలసీమకు రాజధాని, ఆ కథంతా మీకు తెలిసిందే, నేను మళ్లీ చెప్పను. నాకు కావాల్సింది వేరే. అప్పటి కర్నూలు ఎంత ఊరు? అంత పెద్ద సర్కారు వచ్చి దిగితే ఎక్కడ పెడతారు? గుడారాలు వేశారు. ఆఫీసులూ గుడారాల్లోనే, కొలువులూ గుడారాల్లోనే. ఉద్యోగుల కోసం క్వార్టర్లు కట్టారు, అవే మన ఎ క్యాంప్, బి క్యాంప్, సి క్యాంప్. ఇప్పుడు సి క్యాంప్ రైతు బజార్‌లో కూరగాయలు బేరమాడేవాళ్లలో ఎంతమందికి ఆ పేరులో రాజధాని ఉందని తెలుసో మరి.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, రాజధాని హైదరాబాద్‌కి పోయింది. మూడేళ్ల పైన ఒక్క నెల, అంతే మన రాజధాని వైభవం. ఫైళ్లు పోయాయి, ఉద్యోగులు పోయారు, వాళ్లతో పాటే ఫోటోలూ పోయాయి. ఆలోచించండి, కోస్తా జిల్లాల నుంచి, మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తా కుటుంబం ఇక్కడ ఎండకూ దుమ్ముకూ తిట్టుకుంటూనే గుడారం ముందు నిలబడి ఫోటో తీయించుకుని ఉంటుంది కదా? ఆ ఫోటో ఇప్పుడు కర్నూలులో ఎందుకుంటుంది? హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌లోనో, అటక మీద ట్రంకు పెట్టెలో ఉంటుంది. కాబట్టి ఈ వీడియో హైదరాబాద్‌లో, విజయవాడలో చూస్తున్నవాళ్లు, మీ తాతగారు సెక్రటేరియట్‌లో పనిచేశారా, కనుక్కోండి. మన ఊరి ఫోటోలు మీ ఇంట్లో ఉన్నాయి.

ఇక ఊళ్లోనే ఉండాల్సిన ఫోటోల సంగతి. కర్నూలోళ్లకు చెప్పక్కర్లేదు, 2009 అక్టోబర్ 2. పైనుంచి తుంగభద్ర, పక్క నుంచి హంద్రీ, కిందేమో శ్రీశైలం రిజర్వాయర్ నిండి ఎగదన్నిన నీళ్లు. శ్రీశైలం డ్యామ్‌కి ఆ వరదలో దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, డ్యామ్ కట్టిందేమో 19 లక్షలకి. పాతబస్తీ మునిగింది. కట్టుబట్టలతో మేడల మీదికి ఎక్కారు జనం. ఆ టెన్షన్‌లో ఆల్బమ్ ఎవరికి గుర్తొస్తుంది? మా పెద్దమ్మ వాళ్లకు మిగిలింది దేవుడి పటాల పక్కన, గోడకు ఎత్తుగా మేకు కొట్టి పెట్టిన ఒక్క పెళ్లి ఫోటో. దాని కింది అంచున బురద గీత అలాగే ఉంది. ఫ్రేము మారుస్తామంటే ఆమె వద్దంది.

అందుకే పాతబస్తీ నుంచి నాకొచ్చిన ఫోటోలు తక్కువ. వచ్చినవాటిలో కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఫోటో కాగితం మీద ఉండేది జెలటిన్ పొర. తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, ఆరాక పట్టేస్తుంది. దయచేసి గోరు పెట్టి లాగకండి. లాగితే బొమ్మ ఒకవైపు, కాగితం ఒకవైపు వస్తుంది. పాత ఫోటోలు బాగుచేసే పని తెలిసినవాళ్లకు చూపించండి. అన్నీ రాకపోవచ్చు, ఉన్నదీ పోకుండా ఉంటుంది. ఇంకోటి, ప్లాస్టిక్ పొర కింద అంటించే ఆల్బమ్‌లు ఒకప్పుడు ఫ్యాషన్. ఆ జిగురే ఫోటోలను పసుపు పచ్చ చేస్తుంది. అందులోంచి రాకపోతే బలవంతం చేయకుండా, పేజీ పేజీగా అలాగే ఫోటో తీసేయండి.

నీళ్లలో పోయింది ఫోటోలే కాదు, మొత్తం ఊళ్లే పోయినవాళ్లు మన చుట్టూ ఉన్నారు. శ్రీశైలం ప్రాజెక్టు నిండినప్పుడు కృష్ణ, తుంగభద్ర ఒడ్డున పల్లెలు మునిగాయి. రూపాల సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి కర్నూలు దగ్గరి జగన్నాథగట్టు కొండ మీద మళ్లీ కట్టారు. గుడి గట్టెక్కింది, ఆ ఊళ్లలో వీధులకు ఆ భాగ్యం లేదు. దాని మీద వేరే వీడియో చేస్తాను. ముంపు ఊళ్లవాళ్లు అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే పంపితే మంచిది.

పంపేవాళ్లకు రెండు మూడు మాటలు. వాట్సాప్‌లో ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే సైజు తగ్గిపోయి బోర్డు మీద అక్షరాలు మిణుకు మిణుకుమంటాయి. స్కాన్ చేయించగలిగితే 600 డీపీఐ చాలు. ఏఐ పెట్టి రంగులేసి, నునుపు చేసి మాత్రం పంపొద్దు! మొన్న ఒకటి అలాగే వచ్చింది. ఎంత ముద్దుగా ఉందో, వెనక షాపు బోర్డు మీద తెలుగు అక్షరాలు మాత్రం ఏ భాషా కాకుండా పోయాయి. నాకు కావాల్సింది ఆ బోర్డే కదా. మచ్చలున్నా, చిరిగినా, చెదలు తిన్నా ఉన్నదున్నట్టు పంపండి. ఇంట్లో ఆడవాళ్ల ఫోటోలైతే ముందు వాళ్లను అడగండి. వద్దంటే మొహాలు కనిపించకుండా చేసి వీధి వరకే చూపిస్తాను.

ఒక గొడవ మిగిలే ఉంది. ఈ చివరి ఫోటో చూడండి. రెండంతస్తుల మిద్దె, కింద తాళాలు బాగుచేసే అంగడి, పక్కన సందు తిరిగేచోట వేపచెట్టు. ఒకాయన ఇది బండిమెట్ట అంటున్నారు. ఒకావిడ కాదు, బుధవారపేట, ఆ అంగడి పక్కింట్లోనే నేను పుట్టానంటున్నారు. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లే, ఇద్దరూ తగ్గట్లేదు. నాకైతే ఆవిడ మాట మీదే గురి ఎక్కువ, ఆ సందులో బోరింగ్ ఎటువైపు ఉండేదో కూడా చెప్పారు మరి. కానీ ఫోటోలో బోరింగ్ పడలేదు. ఇదే సందుని ఇంకో వైపు నుంచి తీసిన ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి, నంబర్ కింద డిస్క్రిప్షన్‌లో ఇచ్చాను.