పీహెచ్‌డీ పక్కన ఆగ్నేయాసియా మైనర్: ఇండోనేషియన్ నేర్చుకోవడం గిట్టుబాటైందా?

కెలాపా అంటే కొబ్బరికాయ. కెపాలా అంటే తల. ఇండోనేషియన్ క్లాసులో మూడో వారం, కొట్టు బేరం ప్రాక్టీస్ చేయిస్తున్నారు. నేను లేచి, గట్టిగా, "ఒక చల్లటి తల ఇవ్వండి" అన్నాను. మేడమ్ నవ్వు ఆపుకోలేక బోర్డు వైపు తిరిగిపోయారు. ఆ కెపాలా మన కపాలమేనని తెలిశాక మళ్ళీ ఎప్పుడూ తడబడలేదు.

నమస్తే అండీ. ఈసారి రివ్యూ ఫోన్‌ది కాదు, చదువుది. అమెరికాలో అగ్రికల్చరల్ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తూ, పక్కన ఆగ్నేయాసియా స్టడీస్‌లో మైనర్ తీసుకున్నాను. యూనివర్సిటీ పేరు చెప్పను, చివర్లో కాస్త తిట్టేది ఉంది కాబట్టి.

మైనర్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం ఏం కాదు. ఆ ప్రాంతం చరిత్ర, రాజకీయం, సమాజం మీద కొన్ని గ్రాడ్యుయేట్ కోర్సులు, వాటితో పాటు అక్కడి భాష ఒకటి. ఎన్ని క్రెడిట్లు అన్నది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది.

నేనెందుకు తీసుకున్నానంటే, మాది పశ్చిమ గోదావరి. ఇంటి వెనకాలే పామాయిల్ తోట. 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది, మూడు వారాలకు పైగా. ఇంగ్లీషులో దొరికినవన్నీ మంత్రుల మాటలు, మార్కెట్ గ్రాఫులు. అక్కడి రైతు గెలలు ఏం రేటుకి పోయాయి? అది అక్కడి పేపర్లలో ఉంది, వాళ్ళ భాషలో. "తే బే ఎస్" అని రాస్తారు. తండాన్ బువా సెగార్, అంటే తాజా గెల. కిలో రేటు ఎలా పడిపోయిందో ఆ మూడక్షరాల పక్కనే ఉంది. రెండో ఏడాదికి అది నేనే చదువుకున్నాను. నా థీసిస్‌లో ఒక చాప్టర్ అక్కడినుంచే వచ్చింది.

భాష సంగతి చెప్తాను, నాకిష్టమైన భాగం ఇదే. లిపి ఇంగ్లీషు అక్షరాలే. క్రియ కాలాన్ని బట్టి మారదు. నిన్న తిన్నా, రేపు తిన్నా మాట ఒకటే. సంస్కృతం మాటలైతే కొల్లలు: బూమి, గురు, మనుసియా. భార్య ఇస్త్రి, భర్త సువామి. స్వామి అన్నమాట, మా ఆవిడ విని చాలాసేపు నవ్వింది. ఇంగ్లీషువాళ్ళు తల బాదుకునే ఒక చోటు మనకి ఉచితంగా వచ్చేస్తుంది. కితా అంటే మనం, కామి అంటే మేము. క్లాసులో అమెరికన్ కుర్రాడికి ఈ తేడా వారమంతా చెప్పారు. నాకు అరనిమిషం పట్టింది.

కష్టం ఎక్కడంటే ముందు తగిలించే 'మె' దగ్గర. తులిస్ అంటే రాయడం, అది మెనులిస్ అవుతుంది, 'త' మాయమైపోతుంది. పుకుల్ అంటే కొట్టడం, అది మెముకుల్. డిక్షనరీలో 'మ' దగ్గర వెతికితే దొరకదు, అసలు ధాతువు ఏదో పట్టుకోవాలి. గసడదవాదేశ సంధి చదివినవాళ్ళకి ఇలాంటి మార్పులు కొత్తేం కాదు. బళ్ళో తెలుగు మాస్టారు నేర్పింది అమెరికాలో అక్కరకొచ్చింది.

టైమ్? వారానికి అయిదు రోజులు, పొద్దున్నే యాభై నిమిషాలు, హోంవర్క్ వేరే. అమెరికా దౌత్యవేత్తలకి భాషలు నేర్పే సంస్థ లెక్కలో ఇండోనేషియన్‌కి 36 వారాలు, తెలుగుకి 44, జపనీస్‌కి 88. అంత టైమ్ లేనివాళ్ళకి మాడిసన్‌లో ఆగ్నేయాసియా భాషల సమ్మర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఎనిమిది వారాల్లో ఏడాది సిలబస్ లాగించేస్తారు. ఊపిరాడదు.

మిగతా కోర్సులు కలగాపులగం. డచ్చివాళ్ళు 1830 నుంచి జావా రైతులతో బలవంతంగా చెరకు, నీలిమందు పండించిన చరిత్ర అద్భుతంగా చెప్పారు. థియరీ సెమినార్ మాత్రం నిద్ర. ఒక్కరోజు లేచి కూర్చున్నాను. బర్మా పాఠంలో "కోరంగీలు" అని వచ్చింది. రంగూన్ రేవులో పనిచేసిన మనవాళ్ళు, కాకినాడ పక్కన కోరంగి పేరు మీద.

ఇక డబ్బు. 1957లో రష్యా స్పుత్నిక్ ఎగరేసింది. అమెరికా కంగారుపడి 1958లో ఒక చట్టం చేసి ఈ ఏరియా స్టడీస్‌కి, విదేశీ భాషలకి నిధులు పోసింది. విదేశీ భాషలు నేర్చుకునేవాళ్ళకిచ్చే ఫ్లాస్ ఫెలోషిప్ ఆ చట్టం పుణ్యమే. కానీ అది సిటిజన్లకి, గ్రీన్‌కార్డ్ వాళ్ళకి మాత్రమే. స్టూడెంట్ వీసా (ఎఫ్-1) మీద వెళ్ళిన మనవాళ్ళకి సున్నా. పైగా 2025లో ఆ నిధులకి పెద్ద కోతే పడింది. అక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు కూడా దాన్నే నమ్ముకుని దిగొద్దు.

నా మార్కులు: భాషకి అయిదుకి నాలుగున్నర, మైనర్ అనే కాగితానికి రెండు. ఉద్యోగం ఇంటర్వ్యూలో మైనర్ గురించి ఎవరూ అడగలేదు. ఆ గెల రేట్లు ఎక్కడ దొరికాయని మాత్రం ముగ్గురు అడిగారు.

ఇప్పుడు తిట్లు. మొదటి రెండేళ్ళ భాష కోర్సులు అండర్‌గ్రాడ్ (డిగ్రీ స్థాయి) కోర్సు నంబర్లతో ఉంటే మైనర్ క్రెడిట్లలో కలవవని నాకెవరూ చెప్పలేదు. అంత పొద్దున్నే లేచి చదివిందంతా లెక్కలోకి రాలేదు, ఇంకో కోర్సు అదనంగా తీసుకోవాల్సొచ్చింది. మీరు చేరేముందు డిపార్ట్‌మెంట్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి: భాష క్రెడిట్లు కలుస్తాయా, నా ట్యూషన్ వేవర్ (ఫీజు మినహాయింపు) వీటికి వర్తిస్తుందా. జవాబు రాతలో తీసుకోండి. ఆ మెయిల్ నేనూ పెట్టాను లెండి, అయిదో సెమిస్టర్లో.