ఈ అంకె ఎక్కడిది?

శ్రోతలకు నమస్కారం.

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లో ఎలా పైకి రావాలో చెప్పమని నన్ను పిలిచారు. ఆ పనిలో నేను చాలా ఏళ్లు ఉన్నాను. పైకి రావడం సంగతి అటుంచి, అందులో నిలబడటం ఎలాగో మాత్రం కొంత తెలుసు. నా ఎదురుగా గోడ గడియారం ఉంది. అది ఆగదు కాబట్టి కొన్ని సంగతులు నేనే వదిలేస్తాను.

ముందు పేరు సంగతి. పేరులో బ్యాంకు ఉంది గానీ, మనం డబ్బు దాచుకునే బ్యాంకు కాదిది. ఒక కంపెనీ కొత్త కర్మాగారం కట్టాలనుకుంటోంది, చేతిలో సొమ్ము చాలదు. వాటాలు అమ్మాలా, బాండ్లు (అంటే అప్పు పత్రాలు) అమ్మాలా? ఎవరికి, ఎంత ధరకు? ఇంకో కంపెనీ తన పోటీదారునే కొనేయాలని చూస్తోంది. ఎంతిస్తే సబబు, ఎంతిస్తే మోసపోయినట్టు? ఇలాంటి ప్రశ్నలకు లెక్క కట్టి, కాగితాలు తయారు చేసి, బేరం ముగిసేదాకా వెంట ఉండి, రుసుము తీసుకునే వృత్తి ఇది. 1929లో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది. 1933లో గ్లాస్-స్టీగల్ చట్టం వచ్చి, డిపాజిట్లు తీసుకునే బ్యాంకులకూ వాటాలు అమ్మిపెట్టే బ్యాంకులకూ మధ్య గోడ కట్టింది. 1999లో ఆ గోడను చాలావరకు తీసేశారు. 2008లో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు కూలింది. చరిత్ర ఇవాళ్టికి ఇంతే.

ఇక మెట్లు. ఎనలిస్టుగా చేరతారు. తరవాత అసోసియేట్, వైస్ ప్రెసిడెంట్, డైరెక్టర్, చివరికి మేనేజింగ్ డైరెక్టర్. వైస్ ప్రెసిడెంట్ అనగానే ఉపాధ్యక్షుడు కాబోలని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. పెద్ద సంస్థల్లో అలాంటివారు వందల్లో ఉంటారు, ఆ సంగతి ఇంట్లో చెప్పకండి. కింది మెట్టు మీద ఉన్నవాళ్లు అంకెలు వండుతారు, మధ్యవాళ్లు రుచి చూస్తారు, పైవాళ్లు అతిథులను పిలుచుకొస్తారు. అంకెలు వండుతారు అంటే తప్పుడు లెక్కలు రాస్తారని కాదు సుమా! తప్పుడు లెక్కలు రాసేవాళ్లు వెళ్లే చోటు వేరు.

ఇప్పుడు నాకు ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తాను. పేరు సిడ్నీ వైన్‌బర్గ్. 1891లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. 1907లో గోల్డ్‌మన్ శాక్స్ అనే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ సంస్థలో పనికి కుదిరాడు. ఏ పని అనుకున్నారు? ఆఫీసు శుభ్రం చేసే మనిషికి సహాయకుడి పని. సంస్థ భాగస్వాముల టోపీలకు దుమ్ము దులపాలి, వాళ్ల బూటు తొడుగులకు అంటిన బురద తుడవాలి. జీతం వారానికి కొద్ది డాలర్లే.

సంస్థను స్థాపించిన పెద్దమనిషి మనవడు పాల్ శాక్స్‌కు ఈ కుర్రవాడు నచ్చాడు. అతన్ని టపా గదికి మార్చాడు. వైన్‌బర్గ్ ఆ గది పద్ధతంతా మార్చేసి కొత్తగా సర్దాడు.

ఈ కథ చెప్పేవాళ్లు టపా గదిని ఒక్క వాక్యంలో దాటేసి, కోట్ల డాలర్ల దగ్గరికి పరుగెత్తుతారు. నేను మాత్రం ఇక్కడే కాసేపు కూర్చుంటాను. ఆ రోజుల్లో ఆర్థిక సంస్థ అంటే కాగితమే. చెక్కులు, వాటా పత్రాలు, ఒప్పందాలు, అన్నీ కవర్లలోనే వచ్చేవి, కవర్లలోనే పోయేవి. టపా గదిలో కూర్చున్నవాడి ముందు పొద్దస్తమానం ఒకటే ప్రశ్న. ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి బల్ల మీదికి పోవాలి? ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నను గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

చేతిరాత బాగుపడాలని పాల్ శాక్స్ అతన్ని ఒక వ్యాపార కళాశాలకు కూడా పంపించాడు. చేతిరాత కోసం! నాకు ఈ ముక్కంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

మిగతాది చకచకా చెబుతాను. 1925లో అతనికి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో సభ్యత్వం వచ్చింది. 1927లో భాగస్వామి అయ్యాడు. ఆ మరుసటి ఏడాది చివర్లో సంస్థ ఒక పెట్టుబడి ట్రస్టును, అంటే జనం సొమ్ముతో వేరే కంపెనీల వాటాలు కొనే సంస్థను, మొదలుపెట్టి, వాటాను 104 డాలర్లకు జనానికి అమ్మింది. మార్కెట్ కూలాక అదే వాటా 2 డాలర్ల లోపుకు పడిపోయింది. ఆ ట్రస్టు నడిపినవాళ్లలో వైన్‌బర్గ్ కూడా ఉన్నాడు. కాబట్టి మచ్చలేని చంద్రుడని నేను అనను. 1930లో, పరువు పోయిన ఆ సంస్థకే పెద్ద అయ్యాడు. 1969లో చనిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు.

ఇక 1950ల నాటి ఫోర్డ్ కార్ల కంపెనీ వ్యవహారం. అప్పట్లో దాని వాటాల్లో దాదాపు 90 శాతం ఫోర్డ్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ దగ్గర ఉండేవి. కానీ వాటికి ఓటు హక్కు లేదు. ఓట్లన్నీ ఫోర్డ్ కుటుంబం చేతిలో ఉన్నాయి. ఫౌండేషన్ తన వాటాల్లో కొన్ని బయటివాళ్లకు అమ్ముకోవాలనుకుంది. ఓటు లేని వాటాలను అప్పట్లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి ఒప్పుకునేది కాదు. ఓట్లు ఇచ్చేస్తే కుటుంబం పట్టు పోతుంది. ఇదీ ముడి.

వైన్‌బర్గ్ కుటుంబం తరఫున రెండేళ్లకు పైగా ఈ ముడి విప్పుతూ కూర్చున్నాడు. చివరికి కుదిరిన ఏర్పాటు వినడానికి చిన్నదే. ఓట్లలో 40 శాతం కుటుంబానికి, 60 శాతం మిగతా వాటాదారులకు. వదులుకున్న ఓట్లకు బదులుగా కంపెనీలో కుటుంబం వాటా కొంత పెరగాలి. ఎంత పెరగాలి? ఆ 'ఎంత' దగ్గరే ఏళ్లు గడిచిపోతాయి. ఎందుకంటే బల్లకు అటు పక్క కూర్చున్నవాళ్లు ఊరుకోరు. ఈ అంకె ఎక్కడిది అని అడుగుతారు. పన్ను అధికారులు అడుగుతారు. ఈ అంకె ఎక్కడిది? 1956 జనవరిలో వాటాలు అమ్మకానికి వచ్చాయి. 1 కోటీ 2 లక్షల వాటాలు, ఒక్కొక్కటి 64 డాలర్ల 50 సెంట్లు. మొత్తం 65 కోట్ల డాలర్లకు పైమాటే. ఒక కంపెనీ వాటాలు తొలిసారి జనానికి అమ్మకానికి రావడంలో అప్పటిదాకా అంత పెద్దది జరగలేదు.

ఈ కథ విని ఎవరైనా రేపు చీపురు పట్టుకుని బయల్దేరతారేమో, వద్దు. ఆ తలుపు ఎప్పుడో మూసేశారు. ఇప్పుడు పెద్ద సంస్థలు ఎక్కువగా కళాశాలలో ఉండగానే ఇంటర్న్‌షిప్‌కు తీసుకుని, అందులో పనికొచ్చినవాళ్లకు ఉద్యోగం ఇస్తాయి. అయితే టపా గది మాత్రం పోలేదు. దాని పేరు మారింది, అంతే. ఇప్పుడు దాన్ని ఎనలిస్టు బల్ల అంటారు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. పిచ్ బుక్ అని ఒకటి ఉంటుంది. మేము మీకు ఈ పని చేసిపెట్టగలం అని కంపెనీకి చూపించే పుస్తకం. నేను తయారు చేసిన దానికి 40 పేజీలు. తెల్లవారుజామున అచ్చు వేయించి, స్పైరల్ వేయించి, నిద్ర కళ్లతోనే సమావేశానికి వెళ్లాను. ఆ కంపెనీ ఆర్థిక వ్యవహారాల అధికారి పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగాడు. 7వ పేజీలో ఒక వేలు, 31వ పేజీలో ఒక వేలు పెట్టుకుని, పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు. 7వ పేజీలో కంపెనీ అమ్మకాలు 412 అని ఉంది. 31వ పేజీలో 438 అని ఉంది. ఆయన కోప్పడలేదు. "వీటిలో మా కంపెనీది ఏది?" అని మెల్లగా అడిగాడు.

నిజానికి రెండూ సరైనవే. ఒకటి ముగిసిన ఆర్థిక సంవత్సరానిది, రెండోది ఆ తరవాతి నెలలు కూడా కలుపుకుని అప్పటికి గడిచిన 12 నెలలది. ఆ ముక్క కింద రాయలేదు. తిరిగి వస్తుంటే లిఫ్టులో మా పై అధికారితో అదే చెప్పాను. "రెండూ సరైనవేనని నాకు తెలుసు, ఆయనకు తెలియదుగా" అన్నాడు. ఆ పని మాకు రాలేదు.

అప్పటి నుంచి ఒక అలవాటు. పుస్తకం అచ్చయ్యాక, తెర మీద కాకుండా కాగితం మీద, ఎర్ర పెన్నుతో ప్రతి అంకె పక్కనా అది ఏ నివేదికలోని ఏ పేజీ నుంచి వచ్చిందో రాయడం. ఊరు పేరు లేని అంకెను కొట్టేయడం. కొట్టేసిన అంకె వల్ల ఇంతవరకు ఏ బేరమూ చెడలేదు.

ఉద్యోగానికి వెళ్లేవాళ్లను అడిగే ప్రశ్న కూడా చివరికి ఇదే. ఒకటి చెబుతాను, వీలైతే కాగితం తీసుకోండి. తరుగుదల 10 పెరిగింది. పన్ను 30 శాతం. కంపెనీ లెక్కల్లో ఏం మారుతుంది? తరుగుదల అంటే యంత్రం అరుగుతున్నందుకు లెక్కలో రాసుకునే ఖర్చు. జేబులోంచి డబ్బు పోదు. పన్ను అధికారులు కూడా ఆ 10నీ ఖర్చుగా ఒప్పుకున్నారనే అనుకుందాం.

మెల్లగా వెళ్దాం. ఖర్చు 10 పెరిగింది, పన్నుకు ముందు లాభం 10 తగ్గింది. లాభం తగ్గింది గనక పన్ను 3 తగ్గింది. అంటే నికర లాభం 7 తగ్గింది. ఇప్పుడు నగదు పట్టిక, అంటే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్. అది నికర లాభంతో మొదలవుతుంది, 7 తక్కువ. కానీ తరుగుదలకు డబ్బు బయటికి పోలేదు కదా, ఆ 10 తిరిగి కలపాలి. 7 పోయి 10 వచ్చింది. నగదు 3 పెరిగింది. చూశారా, ఖర్చు పెరిగితే చేతిలో డబ్బు పెరిగింది! ఈ 3 ఎక్కడిది? కట్టకుండా మిగిలిన పన్ను. చివరగా ఆస్తి అప్పుల పట్టీ, అంటే బ్యాలెన్స్ షీట్. నగదు 3 పెరిగింది, యంత్రాల విలువ 10 తగ్గింది, మొత్తం ఆస్తులు 7 తగ్గాయి. అవతలి వైపు వాటాదారుల సొమ్ము కూడా, లాభం తగ్గినంత మేర, 7 తగ్గింది. 7కు 7.

చాలామంది దీన్ని పద్యంలా బట్టీ పడతారు. అడిగేవాడికి ఆ సంగతి తెలుసు. పన్ను 20 శాతం చేసి చూస్తాడు. లేదంటే, యంత్రాన్ని అప్పు చేసి కొన్నారు, వడ్డీ కూడా ఉంది అంటాడు. బట్టీ అక్కడ తెగిపోతుంది. 3 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాడు కొత్త అంకెలతో మళ్లీ నడుచుకుంటూ వెళ్లిపోతాడు.

పని గంటల గురించి చెప్పకపోతే అన్యాయం. రాత్రి 11కు "చిన్న మార్పులు" అంటూ వస్తాయి, తెల్లవారేసరికి కావాలంటారు. ఇది కొంత అవసరం, కొంత చెడ్డ అలవాటు అని నా అభిప్రాయం. రెండు మూడేళ్లు చేసి, కంపెనీల ఆర్థిక విభాగాలకో, పెట్టుబడి నిధులకో వెళ్లిపోయేవాళ్లు ఎందరో. వాళ్లను ఓడిపోయినట్టు చూడటం నాకు నచ్చదు. వాళ్లలో కొందరు తరవాత బల్లకు అటు పక్క కూర్చుని, ఏడో పేజీలో వేలు పెడతారు.

గడియారం తొందరపెడుతోంది. ఒక పని అప్పగించి వెళ్తాను. మీకు తెలిసిన ఏదైనా పెద్ద కంపెనీ వార్షిక నివేదిక తీసుకోండి, ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నగదు పట్టిక చివర్లో, సంవత్సరాంతానికి మిగిలిన నగదు ఎంతో ఉంటుంది. ఆస్తి అప్పుల పట్టీలో కూడా నగదు అని ఒక వరుస ఉంటుంది. రెండూ పక్కపక్కన రాయండి. ఒకటే అయితే ఇంకో కంపెనీది తీసుకోండి. తేడా ఉన్నది దొరికినప్పుడు ఆగండి. ఓవర్‌డ్రాఫ్టు, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకున్న బ్యాంకు సొమ్ము, కావచ్చు, వాడుకోవడానికి వీల్లేకుండా పక్కన పెట్టిన సొమ్ము కావచ్చు. కారణం వెనక పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. దొరికాక ఆ పేజీ సంఖ్యను అంకె పక్కన ఎర్ర పెన్నుతో రాయండి. నమస్కారం.